ఏఎఫ్ఎంలో ఒకే శాంపిల్‌కి రెండు రకాల గరుకుదనం వస్తే ఏది నమ్మాలి?

స్పిన్ కోటింగ్‌తో (పలకని వేగంగా తిప్పుతూ ద్రావణాన్ని పలచగా పరచి) వేసిన పాలిమర్ పొరని ఏఎఫ్ఎం (టిప్ అనే సన్నటి మొనతో ఉపరితలాన్ని తడిమి ఎత్తుపల్లాలు కొలిచే మైక్రోస్కోప్) కింద పెడితే ఒక రోజు 0.6 నానోమీటర్లు, ఇంకో రోజు అదే శాంపిల్‌కి 2.1 నానోమీటర్లు గరుకుదనం వచ్చింది, థీసిస్‌లో ఏది రాయాలి అని మీరు అడిగారు. ఏ రోజు ఎంత మేర స్కాన్ చేశారో మాత్రం రాయలేదు. నా అనుమానమంతా అక్కడే. ఒకటి 1 మైక్రోమీటర్ చదరం, రెండోది 10 లేదా 20 మైక్రోమీటర్ల చదరం అయితే రెండు అంకెలూ నిజమే కావచ్చు.

తారు రోడ్డుని జానెడు మేర చూస్తే కంకర ఎత్తుపల్లాలే కనిపిస్తాయి. అదే రోడ్డుని ఫర్లాంగు పొడవునా చూస్తే గుంతలు, మిట్టలు కూడా లెక్కలోకి వస్తాయి. పాలిమర్ పొర కూడా అంతే. చిన్న స్కాన్‌లో పాలిమర్ సన్నటి గరుకు ఒక్కటే కనిపిస్తుంది. పెద్ద స్కాన్‌లో ద్రావణం ఆరేటప్పుడు ఏర్పడిన అలలు, ఒకటీ అరా దుమ్ము రేణువు వచ్చి కలుస్తాయి. అందుకే స్కాన్ సైజు చెప్పకుండా గరుకుదనం ఇంత అని రాస్తే ఆ అంకెతో ఎవరూ ఏమీ చేసుకోలేరు. నేనైతే 1, 5, 20 మైక్రోమీటర్లు, మూడూ తీసి మూడూ రాస్తాను. ఒక్కో సైజుకీ శాంపిల్ మీద కనీసం మూడు చోట్ల తీస్తాను.

స్కాన్ సైజు ఒకటే అయినా అంకె మారుతోందంటే తర్వాత చూడాల్సింది టిప్‌ని. ఇది నేను కష్టపడి నేర్చుకున్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో వేడి చేసిన పాలిమర్ పొరల మీద పనిచేస్తున్నాను. ఒక వారం నుంచి చిత్రాల్లో గింజలన్నీ జంటలు జంటలుగా రావడం మొదలైంది. ప్రతి గింజ పక్కనా కుడివైపు, కాస్త కిందగా, దానిలాంటిదే ఇంకొక చిన్న గింజ. వేడికి పాలిమర్ గొలుసులు ఒక దిశలో సర్దుకుంటున్నాయని నమ్మాను. మూడు వారాలు అదే కొలిచాను, ఏ ఉష్ణోగ్రతకి జంటల మధ్య దూరం ఎంత ఉందో పట్టిక కూడా వేశాను. దూరం ఏ ఉష్ణోగ్రత దగ్గరా మారలేదు. అప్పుడే ఆగాల్సింది. చివరికి మా ల్యాబ్‌లో సీనియర్ ఒకావిడ ఆ చిత్రాలు చూసి, ఏమీ వివరించకుండా, శాంపిల్‌ని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ స్కాన్ చేయమన్నారు. తిప్పాను. జంట గింజలు మాత్రం తిరగలేదు, మళ్లీ కుడివైపు, కాస్త కిందగానే ఉన్నాయి. శాంపిల్ తిరిగినా తిరగని ఆకారం శాంపిల్‌ది కాదు. టిప్ కొన విరిగి రెండు మొనలైంది, ఉపరితలం మీది ప్రతి గింజనీ అది రెండుసార్లు తడుముతోంది. కొత్త టిప్ పెడితే మామూలు గుండ్రటి గింజలు వచ్చాయి.

ఆ రోజు నుంచి ఏ శాంపిల్‌లో కొత్త ఆకారం కనిపించినా ముందు తిప్పి చూస్తాను. పది నిమిషాల పని.

విరిగిన టిప్ అయినా చిత్రంలో దొరికిపోతుంది. మొద్దుబారిన టిప్ ఇంకా ప్రమాదం. ట్యాపింగ్‌కి (ఊగుతున్న టిప్‌తో ఉపరితలాన్ని తడుతూ స్కాన్ చేసే పద్ధతికి) వాడే మామూలు సిలికాన్ టిప్ కొన కొత్తగా ఉన్నప్పుడు దాదాపు 10 నానోమీటర్ల వ్యాసార్ధంలోపే ఉంటుంది. అరిగేకొద్దీ అది సన్నటి లోయల్లోకి దిగలేదు, దిగనిచోట చదునుగా ఉందనే రాస్తుంది. దాంతో గరుకుదనం రోజురోజుకీ తగ్గుతూ వస్తుంది, పొర బాగా నునుపుగా వచ్చిందని మనం సంతోషపడతాం. మనకి కావాల్సిన ఫలితమే వచ్చినప్పుడు టిప్‌ని ఎవరూ అనుమానించరు. మీ 0.6 ఆ రకం కాదని తేల్చుకోవాలంటే కొత్త టిప్‌తో అదే చోట, అదే సైజులో ఇంకోసారి తీయండి.

కొత్త టిప్ అయినా వెడల్పుల్ని పూర్తిగా నమ్మకండి. 20 నానోమీటర్ల గుండ్రటి రేణువు మీదుగా 10 నానోమీటర్ల వ్యాసార్ధం ఉన్న టిప్ వెళ్తే ఎత్తు 20 అనే వస్తుంది కానీ వెడల్పు దాదాపు 40 కనిపిస్తుంది, టిప్ పక్కలు ముందే తగులుతాయి కాబట్టి. రేణువు సైజు కావాలంటే ఎత్తునే తీసుకోండి.

ఇక స్కాన్ చేసేటప్పుడు. ఏఎఫ్ఎం ఉపరితలాన్ని ఫొటో తీయదు. టిప్‌ని మోసే సన్నటి పట్టీ, అంటే కాంటిలివర్, వెనుక పడిన లేజర్ వెలుగు కదలికని డిటెక్టర్ చూస్తుంది, కాంటిలివర్ ఊపు ఎప్పుడూ ఒకేలా ఉండేట్టు ఫీడ్‌బ్యాక్ పీజోని (విద్యుత్తుతో సాగి కుదించుకునే భాగాన్ని) పైకీ కిందకీ కదుపుతుంది. ఆ కదలికనే మనం ఎత్తు అంటున్నాం. ఫీడ్‌బ్యాక్ వెనకబడితే ఎత్తూ తప్పే. ఎడమ నుంచి కుడికి వెళ్లిన గీత, తిరిగి వచ్చిన గీత తెరమీద ఒకదానిమీద ఒకటి పడుతున్నాయో లేదో చూడండి. గుట్ట దాటాక తోకలా సాగుతుంటే వేగం తగ్గించండి. గీత మీద సన్నటి వణుకు కనిపిస్తే గెయిన్ (ఫీడ్‌బ్యాక్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అమరిక) ఎక్కువైనట్టు. సెకనుకి ఒక గీత చొప్పున 512 గీతలంటే ఎనిమిదిన్నర నిమిషాలు పడుతుంది. ఓపిక పట్టండి, తొందరపడి తీసిన స్కాన్‌ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఫ్లాటెనింగ్ (చిత్రంలోని వాలునీ వంపునీ సాఫ్ట్‌వేర్‌తో తీసేయడం) విషయంలో అజాగ్రత్త. శాంపిల్ కాస్త వాలుగా ఉంటుంది, స్కానర్ కొంచెం వంపు కలుపుతుంది, కాబట్టి సరిచేయడం తప్పదు. కానీ మొదటి ఆర్డర్‌తో (వాలుని మాత్రమే తీసేది) ఆగాల్సినచోట మూడో ఆర్డర్ (వంపుల్ని కూడా తీసేది) నొక్కితే పొర మీద నిజంగా ఉన్న అలలు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. చిత్రం అందంగా వస్తుంది, గరుకుదనం సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. ఎత్తైన రేణువులున్న గీతల్లో వాటికి మాస్క్ వేయకుండా (లెక్కలోంచి పక్కన పెట్టకుండా) ఫ్లాటెన్ చేస్తే వాటి పక్కన నల్లటి పట్టీలు వస్తాయి, అవి గుంటలు కావు. గ్విడియన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, దాంట్లో ఇవన్నీ చేయొచ్చు. అసలు డేటా ఫైల్‌ని మాత్రం ముట్టుకోకుండా విడిగా దాచుకోండి.

గరుకుదనాన్ని ఆర్ఏ, ఆర్‌క్యూ అని రెండు రకాలుగా లెక్కిస్తారు, ఏది రాస్తున్నారో కూడా చెప్పండి. మొదటిది సగటు తలం నుంచి ఎత్తుల తేడాలకి, ప్లస్ మైనస్ గుర్తులు పట్టించుకోకుండా తీసిన సగటు. రెండోది ఆ తేడాల వర్గాల సగటుకి వర్గమూలం, కాబట్టి ఒక్క పెద్ద దుమ్ము రేణువున్నా అది పైకి లేస్తుంది. ఎత్తుపల్లాలు గాసియన్ పంపిణీలో ఉంటే ఆర్‌క్యూ ఆర్ఏ కన్నా దాదాపు 1.25 రెట్లు ఉంటుంది. మీ ఫలితాల్లో ఈ నిష్పత్తి బాగా ఎక్కువుంటే ఎక్కడో రేణువో గుంటో ఉందన్నమాట.

సెం (ఎలక్ట్రాన్ల పుంజంతో చిత్రం తీసే మైక్రోస్కోప్) ఉంటే చాలదా అని కూడా అడిగారు. మీ పనికి చాలదు. సెం చిత్రంలో వెలుగునీడలు కనిపిస్తాయి కానీ ఒక గుట్ట ఎన్ని నానోమీటర్ల ఎత్తో నేరుగా తెలియదు, పైగా పాలిమర్ విద్యుత్తుని ప్రసారం చేయదు కాబట్టి సాధారణంగా లోహపు పూత వేయాల్సి వస్తుంది. అదే కారణంతో 1981లో వచ్చిన ఎస్‌టీఎం (టిప్‌కీ శాంపిల్‌కీ మధ్య పారే కరెంటుతో పనిచేసే మైక్రోస్కోప్) కూడా మీకు పనికిరాదు. బిన్నిగ్, క్వేట్, గెర్బర్ 1986లో ఏఎఫ్ఎంని ప్రకటించాకే ఇలాంటి పొరల్ని ఉన్నవి ఉన్నట్టు చూడటం వీలైంది. ఏఎఫ్ఎం ఇచ్చే ఫేజ్ చిత్రం (కాంటిలివర్ ఊపు ఎంత వెనకబడుతోందో చూపేది) కూడా సేవ్ చేసుకోండి. రెండు పాలిమర్లు కలిసిన పొరైతే ఎత్తులో కనిపించని హద్దులు ఫేజ్‌లో కనిపిస్తాయి. అందులో తెల్లగా ఉన్నది గట్టిదనీ నల్లగా ఉన్నది మెత్తనిదనీ వెంటనే రాసేయొద్దు, సెట్‌పాయింట్ (టిప్ ఎంత గట్టిగా తట్టాలో చెప్పే అమరిక) మారిస్తే ఆ రంగులు తారుమారు కావచ్చు.

ఇప్పుడు చేయాల్సింది ఇదీ. టేప్‌తో అప్పుడే పొర లేపిన మైకా (అభ్రకం) మీద 1 మైక్రోమీటర్ స్కాన్ తీయండి, గరుకుదనం 0.1 నానోమీటర్ దరిదాపుల్లో రావాలి. అంతకన్నా బాగా ఎక్కువొస్తే ముందు నాయిస్ సంగతి చూడండి. తర్వాత కొత్త టిప్‌తో మీ పొర మీద ఆ రెండు రోజులూ వాడిన సైజుల్లోనూ తీసి, రెండింటికీ ఒకే ఫ్లాటెనింగ్ చేయండి. ఆ అంకెలు, పాత రెండు స్కాన్ల సైజులు, వాడిన టిప్ పేరు రాయండి, 2.1 ఎక్కణ్ణుంచి వచ్చిందో కలిసి చూద్దాం.