పేజ్‌మేకర్ 7 సీడీని అందరికీ పంచవచ్చా?

పుస్తకాల పేజీలు కూర్చే అడోబీ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 పాత సీడీ మీ దగ్గరుంది, దాన్ని గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి తోటి డీటీపీ వాళ్లకు లింక్ ఇవ్వొచ్చా అని అడిగారు. వద్దండీ. అడోబీ అమ్మకం ఆపేసినా కాపీరైట్ పోలేదు. మార్కెట్లో దొరకడం లేదన్న కారణంతో సాఫ్ట్‌వేర్‌ను పంచడానికి మన 1957 కాపీరైట్ చట్టంలో మినహాయింపు లేదు. పైగా దొంగ కాపీ అని తెలిసి వాడినవాళ్లకూ 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. మీ మంచితనం వాళ్ల మెడకు చుట్టుకోకూడదు.

సీడీ పాడవుతుందని టెన్షన్ ఉంటే మీ వరకు బ్యాకప్ తీసుకోండి, 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది.

వాళ్లకు కావలసింది పాత ఫైళ్లు తెరవడమే అయితే, ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ డ్రా అనే సాఫ్ట్‌వేర్ ప్రయత్నించమనండి. తెలుగు ఫాంట్లు సిస్టంలో ఉండాలి, లేఅవుట్ కాస్త చెదరవచ్చు. ముఖ్యమైన పుస్తకాలను మాత్రం మీ సిస్టం పనిచేస్తుండగానే పీడీఎఫ్ చేసి ఇవ్వండి.