రొయ్యల గుంట మీద కరెంటు సామాను కొనేటప్పుడు ఏ మార్కు చూడాలి?

నెల్లూరు జిల్లా విడవలూరు దగ్గర గుంట లీజుకు తీసుకున్నానని, ఏరియేటర్లు (నీళ్లకు గాలి అందించే యంత్రాలు) అమ్మే షాపువాళ్లు సీఈ గుర్తు ఉంది చాలంటున్నారని, మనుషులను పెట్టి పని చేయిస్తున్నాం కాబట్టి ఇంకేమైనా సర్టిఫికెట్ కావాలా అని మీరు అడిగారు. ఇందుకూరుపేట వైపు తొమ్మిదేళ్లుగా వనామీ రొయ్య వేస్తున్నాను. నాకు తెలిసింది చెబుతాను.

సీఈ అనేది యూరప్‌లో అమ్మే సరుకు మీద తయారుచేసినవాళ్లే వేసుకునే గుర్తు. మన దగ్గర అది ఐఎస్ఐ మార్కుకు బదులు కాదు. ఒక్కో వస్తువుకు ఒక ప్రమాణం నంబరు ఉంటుంది: వైరుకు ఐఎస్ 694, త్రీఫేజ్ మోటారుకు ఐఎస్ 12615, ఆర్‌సీసీబీకి (కరెంటు లీకైతే లైన్ ఆపేసే స్విచ్) ఐఎస్ 12640. ఐఎస్ఐ ముద్ర పైన ఈ నంబరు, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు రెండూ ఉండాలి. ఆ లైసెన్సు నంబరును ఐఎస్ఐ మార్కు ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో, ఏ వస్తువుకు ఇచ్చారో, ఇంకా నడుస్తోందో లేదో వస్తుంది. డబ్బులు కట్టకముందే, షాపులోనే చూసుకోండి.

నేను అలా చూడలేదు. మూడో పంటకు తక్కువ ధరకు వస్తోందని ఒక షాపులో రెండు చుట్టలు కేబుల్ తెచ్చాను. ఒకరోజు పొద్దున మా గుంట మీద ఉండే కుర్రాడు చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) చూడటానికి మోకాలిలోతు నీళ్లలో దిగి, "అన్నా, కాళ్లు లాగుతున్నాయి" అన్నాడు. మెయిన్ ఆపి కేబుల్ పైకి లాగితే, నీళ్లలో ఉన్న జాయింటు దగ్గర టేపు ఊడి వేలాడుతోంది. లోపలి తీగను చాకుతో గీకితే పైపైన రాగి రంగు, కింద తెల్లగా అల్యూమినియం. కేబుల్ మీద ఐఎస్ఐ అని అచ్చు ఉంది కానీ, చుట్ట మొత్తం వెతికినా లైసెన్సు నంబరు లేదు. ఉప్పునీళ్లు, తడి కాళ్లు. ఇంకో నాలుగడుగులు లోపలికి వెళ్లి ఉంటే ఏమయ్యేదోనని ఆ రాత్రంతా నిద్రపట్టలేదు. వాళ్లమ్మ ఫోన్ చేసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

అప్పటిదాకా ప్యానెల్‌లో ఎంసీబీ ఉందిగా అని ధైర్యంగా ఉన్నాను. ఎంసీబీ అనే స్విచ్ షార్ట్ అయినా, లోడు ఎక్కువైనా దానంతట అదే పడిపోయి లైన్ ఆపుతుంది. మనిషిని చంపడానికి సరిపోయే లీకేజీ దానికి లెక్కలోకే రాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ. 100, 300 అని కూడా దొరుకుతాయి, మనుషులు దిగే చోట అవి పనికిరావు. మన దగ్గర చాలామంది దీన్ని పెట్టి మళ్లీ తీసేస్తారు. వాళ్ల భయం కూడా నిజమే. అర్ధరాత్రి ట్రిప్ అయితే ఏరియేటర్లన్నీ ఆగి, ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి పంట పోతుంది. అందుకే గుంట మొత్తానికి ఒకటే పెట్టకండి. నేను రెండు ఏరియేటర్లకు ఒకటి చొప్పున పెట్టించాను. ఒకటి పడినా మిగతావి తిరుగుతుంటాయి, లీకేజీ ఏ లైన్‌లో ఉందో కూడా వెంటనే తెలుస్తుంది. ఖర్చు ఎక్కువే, కానీ ఇక్కడ తగ్గించుకోవద్దు. త్రీఫేజ్ లైన్‌కు నాలుగు పోల్స్ ఆర్‌సీసీబీ వేసేటప్పుడు న్యూట్రల్ కూడా కలపమనండి, లేకపోతే చాలావాటిలో అది పనిచేస్తోందో లేదో నొక్కి చూసుకునే టెస్ట్ బటన్ పనిచేయదు.

స్టార్టర్ బాక్సు ఐపీ55కి (దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా ఆపే స్థాయి) తగ్గకుండా తీసుకోండి, కట్ట మీద ఉప్పుగాలికి మామూలు రేకు డబ్బా ఎక్కువ కాలం ఆగదు. ఎర్తింగ్ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ప్యానెల్ నుంచి ఏరియేటర్ దాకా కేబుల్ ఒకే ముక్కగా ఉండాలి, నీళ్లలో జాయింటు అసలు వద్దు.

ఎన్ని మార్కులున్నా మా గుంట మీద ఒకటి మాత్రం మారదు. ఎవరు నీళ్లలో దిగినా ఆ వైపు లైన్ ఆపాకే దిగాలి, వాళ్లు కట్ట ఎక్కేదాకా స్విచ్ దగ్గర ఒకరు నిలబడే ఉండాలి. ఆదివారం పొద్దున టెస్ట్ బటన్లన్నీ నేనే నొక్కి చూస్తాను. మీరు కొనబోయే కేబుల్ మీద అచ్చు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, నంబరు ఎక్కడుండాలో చూసి చెబుతాను.