మొదటి కారు కిట్ ఎంచుకోవడం ఎలా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను ఇంతవరకు ఒక్క ప్లాస్టిక్ మోడల్ కూడా తయారు చేయలేదు. 1950ల నాటి అమెరికన్ కార్లంటే నాకు ఎంతో ఇష్టం. బానెట్ ఎత్తితే ఇంజను అంతా కనిపించే 1/25 స్కేలు కిట్ ఒకటి చూసి పెట్టుకున్నాను. దానితోనే మొదలుపెట్టవచ్చా? 1/24కూ 1/25కూ తేడా ఏమిటో కూడా చెప్పగలరు.

జవాబు: ఆ కిట్‌ను తప్పక కొనుక్కోండి, కాని దాన్ని మూడోదిగానో నాలుగోదిగానో తయారు చేయండి. మీ నేర్పు మీద అనుమానంతో ఈ మాట చెప్పడం లేదు. ఆ కాలపు అమెరికన్ కారుకు కిటికీల చుట్టూ, తలుపుల పొడవునా, వెనుక రెక్కల అంచులకు సన్నని క్రోమ్ పట్టీలు ఉంటాయి. బంపర్లు, గ్రిల్ వంటివి కిట్‌లో క్రోమ్ పూతతో విడిగా వస్తాయి గాని, బాడీతో కలిపి పోతపోసిన ఆ పట్టీలకు మెరుపు మనమే తీసుకురావాలి. అందుకోసం పట్టీ మీద అతి పల్చని లోహపు రేకును అంటించి, దాని అంచు వెంట పదునైన కత్తితో కోసి, మిగిలిన రేకును తీసివేయాలి. బాడీకి రంగు వేసిన తరువాత చేసే పని కనుక కత్తి ఒక్కసారి జారినా అంతకుముందు పడిన శ్రమ అంతా పాడవుతుంది. మొదటిసారి కత్తి పట్టిన చేతికి ఇంత పరీక్ష పెట్టకూడదని నా అభిప్రాయం.

ఇంజను సంగతి కూడా ఇలాంటిదే. ఇంజను ఉన్న కిట్‌లో భాగాల సంఖ్య పెరగడం ఒక్కటే ఇబ్బంది కాదు. సిలిండర్ బ్లాకుకు ఒక రంగు, పొగ గొట్టాలకు మరొకటి, బ్యాటరీకి, బెల్టులకు నలుపు అంటూ చిన్న చిన్న భాగాలకు విడివిడిగా రంగులు వేయాలి. పైగా బానెట్ విడి భాగంగా వస్తుంది కాబట్టి, అది మూసినప్పుడు చుట్టూ సందు సమానంగా ఉండేలా సరిపెట్టవలసి ఉంటుంది. అనుభవం ఉన్నవారికి కూడా ఇది ఓపిక పరీక్షించే పనే. బానెట్ బాడీలో కలిసిపోయి, ఇంజను అడుగుభాగం మాత్రమే కింద నుంచి కనిపించేలా చేసిన కిట్లను ఈ అభిరుచి గలవారు కర్బ్‌సైడ్ కిట్లు అంటారు. జిగురుతో అతికించే మొదటి కిట్ ఇలాంటిదే అయి ఉండాలని నేను గట్టిగా చెబుతాను.

ఇక స్కేలు విషయం. నాలుగున్నర మీటర్ల కారు 1/24లో సుమారు 18.75 సెంటీమీటర్లు, 1/25లో 18 సెంటీమీటర్లు ఉంటుంది. టామియా, ఫుజిమి, అవోషిమా, హసెగావా వంటి జపాన్ సంస్థలు ఎక్కువగా 1/24ను పాటిస్తాయి. అమెరికాలో ఏఎంటీ వంటి సంస్థలు 1/25కు అలవాటు పడ్డాయి. ఒక కిట్ చక్రాలను మరొక కిట్‌కు బిగించాలనుకునే రోజు వచ్చేదాకా ఈ తేడాను మీరు పట్టించుకోనక్కరలేదు. అయితే చిన్న మోడల్ తేలికగా ఉంటుందన్న భ్రమ చాలామందికి ఉంది. 1/43లో అదే కారు పదిన్నర సెంటీమీటర్లకు తగ్గిపోతుంది, అద్దాల వంటి భాగాలను పట్టకారు లేకుండా పట్టుకోవడమే కష్టమవుతుంది. 1/12లో అది 37.5 సెంటీమీటర్లకు పెరిగి, భాగాల సంఖ్య, రంగు వేయవలసిన వైశాల్యం కూడా పెరుగుతాయి. కాబట్టి 1/24, 1/25 దగ్గరే ఆగండి.

కిట్ పెట్టెను చదవడం కూడా నేర్చుకోవాలి. రెవెల్ తన కిట్లకు 1 నుంచి 5 వరకు స్థాయి అంకె వేస్తుంది, పెద్ద అంకె అంటే కష్టమైన కిట్. ఏఎంటీ పద్ధతిలో 1 అంటే జిగురు లేకుండా నొక్కి బిగించేది, 2 అంటే జిగురుతో అతికించేది. ఒక సంస్థ అంకెను మరొక సంస్థ అంకెతో పోల్చితే పొరబడతారు. అంకె కంటే ముఖ్యంగా చూడవలసినవి నాలుగు విషయాలు ఉన్నాయి: జిగురు కావాలా, బాడీ ఏ రంగు ప్లాస్టిక్‌తో పోతపోశారు, ఇంజను విడిగా ఉందా, డెకాల్ కాగితం (బాడీ మీద అంటించే గుర్తులు అచ్చయిన కాగితం) ఎంత పెద్దది. ఈ చివరిదాన్ని కొత్తవారు అసలు చూడరు. పందెపు కారు బొమ్మ ఆకర్షణీయంగా ఉంటుంది, కాని దాని మీది ప్రకటనల గుర్తులన్నీ నీటిలో నానబెట్టి, కాగితం మీద నుంచి జరిపి, బాడీ వంపుల మీద ముడత పడకుండా అమర్చవలసిన పల్చటి పొరలు. నేను మొదట ఎంచుకున్నది అలాంటి పందెపు కారే. నాలుగో డెకాల్ చిరిగిన రోజున పెట్టె మూసివేశాను, దాన్ని పూర్తి చేయడానికి మళ్లీ మూడేళ్లు పట్టింది. మొదటి కిట్‌కు నంబరు ప్లేటు, సంస్థ చిహ్నం మాత్రమే డెకాళ్లుగా ఉంటే చాలు.

ఇవన్నీ కలిపి చూస్తే, క్రోమ్ పట్టీలు పెద్దగా లేని, పైకప్పు మూసి ఉన్న ఈ కాలపు చిన్న స్పోర్ట్స్ కారు మీకు తగినది. టామియా 1/24లో చేసిన టొయోటా జిఆర్ 86 ఈ వర్ణనకు సరిపోతుంది. ఆ సంస్థ కిట్లలో భాగాలు ఒకదానిలో ఒకటి చక్కగా ఇమిడిపోతాయి, కూర్పు పటాలు కూడా స్పష్టంగా ఉంటాయి. అది పూర్తయ్యాక మీ అమెరికన్ కారు పెట్టెను తెరవండి.

ప్రశ్న: నేను కొన్న 1/24 కిట్ పెట్టె మీద ఎర్ర కారు బొమ్మ ఉంది, లోపల బాడీ మాత్రం తెల్లగా ఉంది. రంగు వేయక తప్పదా? కుంచెతో వేయవచ్చా?

జవాబు: తప్పదు. తెల్లటి ప్లాస్టిక్ మీద ఏ రంగు వేసినా అది ఉన్నదున్నట్టు కనిపిస్తుంది కాబట్టి చాలా సంస్థలు బాడీని తెల్లగానే పోతపోస్తాయి. ఎర్ర ప్లాస్టిక్ మీద తెలుపు వేస్తే అడుగు ఎరుపు పైకి ఊరి గులాబీ ఛాయ తెస్తుంది. రంగు వేసే ఉద్దేశం లేనివారు కిట్ కొనే ముందే రంగు ప్లాస్టిక్‌తో పోసిన బాడీ ఉన్నదాన్ని వెతుక్కోవాలి.

లోపలి సీట్లు, డాష్‌బోర్డు, ఛాసిస్ వంటివాటికి నీటితో పలచన చేసే యాక్రిలిక్ రంగు, కుంచె సరిపోతాయి. బాడీకి మాత్రం స్ప్రే డబ్బా వాడండి. అంత పెద్ద నునుపైన వంపు మీద కుంచె జాడలు దాచడం చేయి తిరిగినవారికే కష్టం. డబ్బా కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. టామియా డబ్బాల్లో టీఎస్ అక్షరాలున్నవి కిట్‌లోని పాలిస్టైరీన్ ప్లాస్టిక్ కోసం చేసినవి, పీఎస్ అక్షరాలున్నవి రిమోట్ కార్ల పాలికార్బొనేట్ బాడీల కోసం చేసినవి. రెండోవాటిని కిట్ మీద వాడకూడదు.

పోతలో అచ్చుకు పూసే జిడ్డు బాడీ మీద మిగిలి ఉండవచ్చు కాబట్టి ముందుగా గిన్నెలు తోమే సబ్బునీటితో కడిగి ఆరనివ్వండి. అచ్చు రెండు భాగాలు కలిసిన చోట బాడీ మీద సన్నని గీత లేచి ఉంటుంది. దాన్ని సన్నరకం ఉప్పు కాగితంతో నునుపు చేయకపోతే రంగు వేశాక మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆపైన ప్రైమర్ (రంగు బాగా పట్టడానికి ముందుగా వేసే పూత), అది ఆరాక రంగు వేయాలి. డబ్బాను 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, బాడీకి అవతలే మీట నొక్కి, చేతిని ఆపకుండా బాడీ దాటించి వదలండి. మొదటి పూతలో అడుగు కనిపిస్తుంటే కంగారుపడి మళ్లీ అక్కడే కొట్టకండి, రంగు కారేది అప్పుడే. మూడు నాలుగు పల్చని పూతలతో నిండుదనం దానంతట అదే వస్తుంది. ముసురు పట్టిన రోజున స్ప్రే చేస్తే గాలిలోని తేమ వల్ల రంగు తెల్లగా పొగచూరినట్టు అవుతుంది, కనుక పొడి రోజు దాకా ఆగండి. ఎనామెల్ (నూనె ఆధారిత) రంగు మీద లాకర్ (ఘాటైన ద్రావకం కలిసిన, త్వరగా ఆరే రంగు) స్ప్రే వేస్తే కింది పూత ముడుచుకుపోతుందని కూడా గుర్తుంచుకోండి. పని గాలి ఆడే చోట, ముక్కుకు తగిన మాస్కుతో చేయాలి.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. కార్లంటే ప్రాణం. వాడికి ఎలాంటి కిట్ ఇవ్వాలి?

జవాబు: జిగురు, రంగు రెండూ అక్కరలేని కిట్ ఇవ్వండి. ఎయిర్‌ఫిక్స్ క్విక్‌బిల్డ్ కిట్లలో భాగాలు ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి, గుర్తులకు స్టిక్కర్లు ఉంటాయి. దాని తరువాతి మెట్టుగా అవోషిమా 1/32లో తెచ్చిన స్నాప్ కిట్లు బాగుంటాయి. వాటిలో సుజుకి జిమ్నీ వంటి కార్లు ఉన్నాయి, భాగాలు కారు రంగులోనే వస్తాయి. రెవెల్ ఈజీ క్లిక్ వరుస కూడా ఈ కోవలోదే.

భాగాలన్నీ అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము నుంచి వాటిని విడదీయవలసిన కిట్ అయితే ఒక మంచి నిప్పర్ (చిన్న కత్తిరింపు పనిముట్టు) కొనివ్వండి. భాగాన్ని మెలితిప్పి విరిచే అలవాటు ఒకసారి పడితే పోదు, విరిచిన చోట ప్లాస్టిక్ గుంట పడుతుంది. మొదటి కోత భాగానికి కాస్త దూరంగా, రెండో కోత అంచుకు దగ్గరగా వేయడం చూపిస్తే ఆ వయసు పిల్లలు వెంటనే పట్టుకుంటారు. కత్తి పని మాత్రం మీరే చేయండి. టైరు వంకరగా పెట్టినా, స్టిక్కరు పక్కకు జరిగినా మీరు సరిదిద్దకండి, ఆ కారు వాడిది.

ప్రశ్న: అంతా బాగానే వచ్చింది గాని, ముందు అద్దాన్ని సూపర్ గ్లూతో అంటించాక మరునాటికి అద్దం నిండా తెల్లటి మసక కమ్మింది. ఎందుకిలా అయింది?

జవాబు: సూపర్ గ్లూ గట్టిపడేటప్పుడు వెలువడే ఆవిరి దగ్గరలోని పారదర్శక భాగాల మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది. మూసిన కారు లోపల ఆ ఆవిరి బయటికి పోలేదు. మసక పలుచగా ఉంటే, అద్దం ఊడి వచ్చేలా ఉంటే, ప్లాస్టిక్‌ను మెరుగుపెట్టే పాలిష్‌తో మెత్తటి గుడ్డ పెట్టి రుద్దండి, చాలావరకు పోతుంది.

ఇకముందు అద్దాలకు చెక్కపనికి వాడే తెల్ల జిగురు చాలు. అది ఆరితే పారదర్శకంగా మారుతుంది, పక్కకు అంటినదాన్ని తడి గుడ్డతో తుడిచేయవచ్చు. మిగిలిన భాగాలకు పల్చని ప్లాస్టిక్ సిమెంట్ వాడండి. అది నిజానికి అంటించదు, రెండు అంచుల ప్లాస్టిక్‌ను కరిగించి ఒకటిగా కలుపుతుంది. భాగాలను ముందుగా దగ్గర చేర్చి పట్టుకుని అతుకు దగ్గర కుంచె తాకిస్తే చాలు, సందులోకి అదే పాకుతుంది. క్రోమ్ పూత మీద, రంగు మీద ఈ సిమెంట్ పట్టదు కాబట్టి అతికే చోట పూతను గీకివేయాలి. బంపర్లు ఊడిపోతున్నాయని రాసే పాఠకులందరికీ ఇదే జవాబు.

ప్రశ్న: కొత్త పెట్టెలో ఉన్న కిట్ పాత అచ్చుతో చేసినదని ఒకరు చెప్పారు. అలా జరుగుతుందా? కొనవచ్చా?

జవాబు: తరచుగా జరుగుతుంది. అచ్చు తయారీకి చాలా ఖర్చవుతుంది కాబట్టి సంస్థలు దాన్ని దశాబ్దాల తరబడి వాడతాయి. 1960లలో పుట్టిన అచ్చులతో పోసిన కిట్లు ఇప్పటికీ కొత్త బొమ్మల పెట్టెల్లో వస్తున్నాయి. వాటిలో భాగాల అంచులకు పల్చటి ప్లాస్టిక్ రెక్కలు, సరిగ్గా కలవని సందులు సహజం. వాటిని గీకి, పూడ్చి, నునుపు చేయడంలో ఆనందం ఉంది, కొన్ని కార్లకు ఆ పాత కిట్ తప్ప మరొకటి దొరకదు కూడా. మొదటి కిట్‌గా మాత్రం వద్దు. పెట్టె మీద అచ్చయిన సంవత్సరాన్ని నమ్మకండి, అది పెట్టె వయసు మాత్రమే కావచ్చు. స్కేల్‌మేట్స్ అనే వెబ్‌సైట్‌లో కిట్ పేరు వెతికితే ఆ అచ్చు మొదట ఏ సంవత్సరంలో వచ్చిందో, తరువాత ఏయే పెట్టెల్లో తిరిగి వచ్చిందో వరుసగా కనిపిస్తుంది.