పాత గుడి దగ్గర ఫోనులో కథ చెప్పాలంటే వీడియో కావాలా?

మీ ఊరి పాత గుడికి వచ్చేవారికి ఫోనులో కథలు వినిపించాలనుకుంటున్నామని, వీడియోలు తీయాలా, యాప్ చేయించాలా అని అడిగారు. రెండూ వద్దంటాను. మంచి గొంతుతో మాట రికార్డు చేయండి, చాలు. పాలంపేట రామప్ప గుడి కోసం మిత్రులతో కలిసి ఇలాంటి కథలు తయారుచేసిన అనుభవంతో చెబుతున్నాను.

వీడియో పెడితే చూపు తెరకే అతుక్కుపోతుంది. ఎదుట అసలు శిల్పం ఉండగా దాని బొమ్మ ఎందుకు? పైగా మిట్టమధ్యాహ్నం ఎండలో తెర సరిగా కనిపించదు.

ప్రతి కథా వినేవారిని ఒకచోట నిలబెట్టి మొదలవ్వాలి. మా కథల్లో ఒకటి ఇలా సాగుతుంది: “తల ఎత్తి చూరు కింద చూడండి. గుడి ఎర్రటి ఇసుకరాయి, ఏటవాలుగా నిలిచిన ఈ మదనికలు, అంటే ఈ స్త్రీ శిల్పాలు, నల్లరాయి. వేటకు బయలుదేరిన యువతి ఏదో వెతకండి. ఇప్పుడు ఆమె పాదాలు చూడండి.” అక్కడ కాసేపు మౌనం వదిలాం. ఆమె తొడుక్కున్న ఎత్తు మడమల చెప్పులను ఎవరికి వారు కనుక్కోవాలి. ముందే చెప్పేస్తే ఆ ఆనందం పోతుంది. రెండు నిమిషాలు దాటిన కథను నిర్దాక్షిణ్యంగా కత్తిరించండి.

జనం చెప్పుకునే కథను, శాసనం చెప్పే సంగతిని కలగలపవద్దు. గుడికి రామప్ప అనే శిల్పి పేరు వచ్చిందన్నది తరతరాల మాట. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడన్నది ప్రాంగణంలోని శాసనం మాట. రెండూ వినిపించండి, కానీ వేర్వేరు గొంతులతో. వినేవారికి తేడా తెలిసిపోతుంది.

అక్కడి గైడ్లను పక్కన పెట్టి ఈ పని చేయకండి, దయచేసి. నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం కట్టిన సంగతి వారు చెప్పినట్టు మనం చెప్పలేం. వారి గొంతే రికార్డు చేసి, తగిన డబ్బు ఇవ్వండి.

సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. ఫైళ్లు తేలిగ్గా ఉండాలి, ముందే దించుకునే వీలుండాలి. క్యూఆర్ కోడ్‌ను బస్సు దిగేచోట, టీ కొట్టు దగ్గర పెట్టండి. రాతి మీద మాత్రం ఏదీ అంటించవద్దు. రామప్ప లాంటి కేంద్ర రక్షిత కట్టడాల ఆవరణలో బోర్డు పెట్టాలన్నా పురావస్తు శాఖ అనుమతి కావాలి. మీ గుడి ఏ శాఖ అధీనంలో ఉందో రాస్తే, దరఖాస్తులో ఏమేమి పెట్టాలో చెబుతాను.