జాజ్ కొత్తగా వినేవాళ్లకు ఏ సాక్సోఫోన్ ఆల్బమ్ చెబుతారు?

"రెండు మూడు జాజ్ ఆల్బమ్‌లు విన్నాను, కాసేపటికే ట్యూన్ ఎటు పోయిందో తెలియడం లేదు, ఇది మనకు పట్టుబడేదేనా?" అని అడిగారు. పట్టుబడుతుంది. మొదటి ఏడాదంతా నాదీ ఇదే బాధ. నాకు దారి దొరికింది అమెరికన్ సాక్సోఫోన్ విద్వాంసుడు సానీ రోలిన్స్ ఆల్బమ్ 'సాక్సోఫోన్ కొలోసస్'తో. 1956 జూన్ 22న రికార్డు చేశారు. ఐదే ట్రాకులు, మొత్తం 40 నిమిషాలు.

ముందు అందులో 'సెయింట్ థామస్' ఒక్కటే వినండి. రోలిన్స్ న్యూయార్క్‌లో పెరిగినా, అమ్మానాన్నలది కరీబియన్‌లోని వర్జిన్ దీవులు. చిన్నప్పుడు వాళ్లమ్మ పాడగా విన్న బాణీ ఇది. ఇట్టే నోటికొస్తుంది. మా ఇంట్లో ఒక వారం మోగేసరికి, మా అమ్మ వంటింట్లో తాలింపు వేస్తూ దీన్నే కూనిరాగం తీసింది.

ఆ బాణీ 16 బార్లు (బార్ అంటే మన ఆవర్తనంలాంటి చిన్న తాళ భాగం). అయిపోగానే మళ్లీ మొదటికొస్తుంది. సోలో (ఒక్కరే అప్పటికప్పుడు కల్పించి వాయించే భాగం) అంటే ఇష్టమొచ్చినట్టు వాయించుకుపోవడం అనుకునేవాణ్ణి. కానీ అదంతా ఈ 16 బార్ల చుట్టే తిరుగుతుంది. కచేరీలో కల్పనస్వరాలు నడుస్తుంటే మనం తాళం వేస్తూ పల్లవి ఎత్తుగడను మనసులో పట్టుకుని కూర్చుంటాం కదా, ఇక్కడా అంతే. సోలో వినేటప్పుడు అసలు బాణీని లోలోపల పాడుకుంటూ ఉండండి. రోలిన్స్ రెండే రెండు స్వరాలతో సోలో ఎత్తుకుని, వాటినే తిప్పి తిప్పి వాయిస్తాడు. కింద బాణీ మీ మనసులో ఉంటే, ఆ రెండు స్వరాలు ఎంత సరదాగా దాంతో ఆడుకుంటున్నాయో తెలుస్తుంది.

తర్వాత మ్యాక్స్ రోచ్ డ్రమ్స్ ఒక్కటే, మన తని ఆవర్తనంలా. అది ముగిసి రోలిన్స్ తిరిగొచ్చేసరికి కాలిప్సో (కరీబియన్ పాటల) దరువు కాస్తా స్వింగ్‌లోకి, అంటే జాజ్‌కు అలవాటైన ఊగే నడకలోకి, మారిపోయి ఉంటుంది. నాకు ఇది తెలియడానికి ఎన్నిసార్లు వినాల్సొచ్చిందో! తెలిసిన రోజు బస్సులో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

రోలిన్స్, రోచ్ అప్పట్లో ట్రంపెట్ వాయించే క్లిఫర్డ్ బ్రౌన్‌తో ఒకే బృందంలో ఉండేవారు. ఈ రికార్డింగ్ అయిన నాలుగు రోజులకే బ్రౌన్ కారు ప్రమాదంలో పోయాడు. 25 ఏళ్లు. రోలిన్స్‌కూ అప్పుడు అంతే వయసు. ఇది చదివాక ఈ ట్రాక్‌లో ఉన్న సంతోషం వింటే నాకు గొంతు పట్టేస్తుంది.

రాత్రిపూట 'యూ డోంట్ నో వాట్ లవ్ ఈజ్' వినండి. నెమ్మదైన పాట, వివరించాల్సిందేమీ లేదు. చివరి ట్రాక్ 'బ్లూ 7' గురించి సంగీతకర్త గుంథర్ షుల్లర్ 1958లో పెద్ద వ్యాసమే రాశారు, ఆ ట్రాక్‌ను మెచ్చుకోనివాళ్లు తక్కువ. అయినా మొదట్లోనే వద్దంటాను. 11 నిమిషాలు, ఆరంభంలో డగ్ వాట్కిన్స్ బాస్ (మంద్రస్వరాలు పలికే పెద్ద తీగ వాద్యం) ఒక్కటే మెల్లగా నడుస్తుంది. ఫోన్ స్పీకర్‌లో ఆ బాస్ సరిగ్గా వినిపించదు కూడా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఒక నెల ఆగి విని, ఎలా అనిపించిందో ఇక్కడే రాయండి, ఎదురుచూస్తుంటాను.