గోల్‌కీపర్‌గా ఆడినవాళ్లు మహిళల ఫుట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్‌గా పనికొస్తారా?

పనికొస్తారా, లేక గోల్‌కీపింగ్ కోచ్‌గానే ఆగిపోవాలా అని అడిగారు. పనికొస్తారు. నన్నడిగితే ఫార్వర్డ్‌ల కన్నా బాగా పనికొస్తారు.

టోనీ డిచికోని చూడండి. ఆయన గోల్‌కీపరే. 1991లో మొదటి మహిళల ప్రపంచకప్ గెలిచిన అమెరికా జట్టుకు గోల్‌కీపింగ్ కోచ్‌గా పనిచేశారు. 1994లో ఆన్సన్ డోరన్స్ తప్పుకున్నాక హెడ్ కోచ్ అయ్యారు. ఆయన హయాంలో 119 మ్యాచ్‌లు జరిగితే 103 గెలుపులు, 8 ఓటములు, 8 డ్రాలు. 1996 ఒలింపిక్ స్వర్ణం, 1999 ప్రపంచకప్ అందులోవే. 1995 ప్రపంచకప్ సెమీస్‌లో నార్వే చేతిలో ఓడి మూడో స్థానంతో సరిపెట్టుకున్నారు, అదీ చెప్పాలి.

ఆయన పేరెత్తగానే అందరూ 1999 ఫైనల్ పెనాల్టీల దగ్గరికి పరిగెడతారు. కోచింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్లు చూడాల్సింది దానికి తొమ్మిది రోజుల ముందు, జులై 1న జర్మనీతో ఆడిన క్వార్టర్ ఫైనల్. ఐదో నిమిషం. డిఫెండర్ బ్రాండీ చాస్టెయిన్ బంతిని గోల్‌కీపర్ బ్రియానా స్కరీ కోసం వెనక్కి తన్నింది. స్కరీ అప్పటికే గోల్ గీత వదిలి ముందుకొచ్చేసింది. బంతి ఆమెకు అందకుండా ఖాళీ గోల్‌లోకి దొర్లింది. సొంత గోల్, జర్మనీ 1-0.

వ్యాఖ్యాతలు ఇలాంటి గోల్‌ని ‘సమన్వయ లోపం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాటతో ఏ కోచ్‌కీ పని జరగదు. వెనక్కిచ్చే పాస్‌ని ఎప్పుడూ గోల్ స్తంభాల మధ్యకు ఇవ్వకూడదు, స్తంభానికి రెండు మూడు మీటర్లు బయటకు ఇవ్వాలి. అప్పుడు కీపర్‌కి అందకపోయినా పోయేది కార్నరే. కీపర్ కూడా తిన్నగా బంతి మీదకు పరిగెత్తకూడదు, కాస్త వంపు తిరిగి ఆ పక్కకు రావాలి. ఇక అరుపు. డిఫెండర్ కాలు ఊపడం మొదలయ్యాక ‘కీపర్!’ అని అరిస్తే ఉపయోగం లేదు, ఆ కాలు ఇక ఆగదు. చివరి రెండు అడుగులకు ముందే అరవాలి, ఒక్క మాటే అరవాలి. 1992 నుంచి కాలితో కావాలని ఇచ్చిన బ్యాక్‌పాస్‌ని కీపర్ చేత్తో పట్టకూడదు కాబట్టి తన ఏ కాలి వైపు కావాలో కూడా చెయ్యి చాపి చూపించాలి.

సాధన పెద్ద కష్టమేం కాదు. గోల్‌కి 25 మీటర్ల దూరంలో డిఫెండర్‌ని గోల్ వైపు తిప్పి నిలబెట్టండి. ఆమె భుజం మీదుగా బంతి వేసి, వెనకాల ఒక అటాకర్‌ని వదలండి. కుడివైపు ఎనిమిది సార్లు, ఎడమవైపు ఎనిమిది సార్లు. అటాకర్ లేకుండా చేయిస్తే మాత్రం దండగ, తొందర లేనప్పుడు ఎవరైనా సరిగ్గానే ఇస్తారు.

మ్యాచ్‌కి వద్దాం. డిచికో చాస్టెయిన్‌ని బయటకు పిలవలేదు. కెప్టెన్ కార్లా ఓవర్‌బెక్ వచ్చి ధైర్యం చెప్పింది, ఆట సాగింది. 49వ నిమిషంలో అదే చాస్టెయిన్ గోల్ కొట్టి 2-2 చేసింది. చివరికి అమెరికా 3-2తో గెలిచింది. నా వాదన అంతా ఇక్కడే ఉంది. ఫార్వర్డ్ ఐదు అవకాశాలు పోగొట్టుకుని ఆరోది కొడితే ఆమే హీరో. కీపర్ ఐదు ఆపి ఒకటి వదిలితే స్కోర్‌బోర్డు మీద కనిపించేది ఆ ఒక్కటే. తప్పు జరిగిన మరుక్షణం మళ్లీ గీత మీద నిలబడటం కీపర్‌కి రోజువారీ పని. అలా బతికినవాళ్లకి, తప్పు చేసిన ప్లేయర్ మీద సైడ్‌లైన్ నుంచి కేకలేస్తే రెండో తప్పు జరుగుతుందని వేరే చెప్పక్కర్లేదు.

చైనాతో ఆడిన ఫైనల్ కూడా దాని కొనసాగింపే. ఆ ఏడాది మార్చిలో చైనా మీదే చాస్టెయిన్ కుడికాలితో కొట్టిన పెనాల్టీ పోయింది. ఎడమ కాలితో సాధన చేయమన్నారు డిచికో. జులై 10న రోజ్ బౌల్‌లో 90,185 మంది ముందు, 0-0 తర్వాత, ఐదో కిక్ ఆమెకే ఇచ్చారు. ఎడమ కాలితో కొట్టింది, 5-4.

చైనా మూడో కిక్‌ని స్కరీ ఆపినప్పుడు గీత దాటి ముందుకొచ్చిన మాట నిజమే. రిఫరీ పట్టించుకోలేదు. ఇప్పుడైతే కిక్ కొట్టే క్షణానికి ఒక పాదంలో కొంత భాగమైనా గీత మీదో, గీతకు నేరుగానో, దాని వెనకో ఉండాలి. 2019 ప్రపంచకప్‌లో వీడియో చూసి మళ్లీ కొట్టించారు కూడా. కాబట్టి ఆ పాత వీడియో చూపించి పిల్లలకి ‘ఇలా దూకండి’ అని నేర్పకండి. వెనక పాదం గీత మీదే ఉంచి, ముందు పాదంతో ఏటవాలుగా తోయడం నేర్పండి.

అసలు గోల్‌కీపర్ల కోచింగే ఇంకా సరిగ్గా జరగడం లేదు. కీపర్లని మైదానం మూలకి తీసుకెళ్లి, ఆరు మీటర్ల నుంచి దడదడా బంతులు బాది, ఒళ్లంతా మట్టి అంటితే బాగా సాధన అయిందనుకుంటారు. అంత దగ్గర్నుంచి వచ్చేదాన్ని కీపర్ చూసి ఆపదు, ఊహించి దూకుతుంది. అదే అలవాటై మ్యాచ్‌లో 18 మీటర్ల షాట్‌కి కూడా ముందే వాలిపోతుంది. 90 నిమిషాల సెషన్‌లో 20 నిమిషాలు ఫిఫా 11+ అనే, గాయాలు తగ్గించే వార్మప్ (మహిళల్లో మోకాలి ఏసీఎల్ లిగమెంట్ గాయాలు ఎక్కువ, కీపర్లనీ ఇందులోంచి మినహాయించకండి), మరో 20 నిమిషాలు విడిగా పట్టడం, పడటం. మిగతాదంతా జట్టుతోనే. మహిళల తలమీదుగా బంతులు పోతున్నాయి కాబట్టి గోల్‌ని చిన్నది చేయాలనేవాళ్లు ముందు ఈ మూల సాధన మాన్పించాలి. 7.32 మీటర్ల వెడల్పు, 2.44 ఎత్తు గోల్‌లోనే జర్మనీ కీపర్ నాదీన్ ఆంగెరర్ 2007 ప్రపంచకప్ మొత్తం ఒక్క గోల్ ఇవ్వలేదు, ఫైనల్లో బ్రెజిల్ ఫార్వర్డ్ మార్తా పెనాల్టీని కూడా ఆపింది. షాట్ కొట్టే క్షణానికి రెండు పాదాలూ నేలమీద కుదురుగా ఉన్నాయా, బరువు మడమల మీద పడిందా అన్నదే తేడా. తలమీదుగా వచ్చే బంతికి వెనక్కి నడిస్తే పోయినట్టే. పక్కకు తిరిగి, కాలు మీదుగా కాలు వేస్తూ పరిగెత్తాలి.

మాజీ కీపర్లకి లోటు లేదనను. ప్రత్యర్థి పెనాల్టీ బాక్స్ దగ్గర కదలికలు వాళ్లు 80 మీటర్ల దూరం నుంచి చూసినవే. డిచికో పక్కన లారెన్ గ్రెగ్ లాంటి అసిస్టెంట్ ఉన్నారు. మీరూ అటాకింగ్ సెషన్ అది తెలిసినవాళ్లకి అప్పజెప్పండి. ఆ సేపు అలవాటు కొద్దీ గోల్ వెనక్కి పోకుండా ప్రత్యర్థి బాక్స్ పక్కన నిలబడి, బంతిని కాకుండా బంతి లేని ఇద్దరు ఫార్వర్డ్‌లని చూడండి.