డాల్ఫిన్‌కు పేరుంటుందా?

ప్రశ్న: మాది కళింగపట్నం దగ్గరి మత్స్యకార గ్రామం. తెప్ప మీద వేటకు వెళ్ళిన రోజుల్లో, తెడ్డును నీటిలో ముంచి దాని పిడికి చెవి ఆనిస్తే డాల్ఫిన్ల ఈలలు వినిపించేవని మా తాతగారు చెబుతారు. అవి ఒకదానినొకటి పేరు పెట్టి పిలుచుకుంటాయని ఈ మధ్య చదివాను. అది నిజమేనా? ఏ డాల్ఫిన్ ఈల వేసిందో శాస్త్రవేత్తలకు ఎలా తెలుస్తుంది?
– ఒక డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ రెండో ప్రశ్నకు సమాధానం దొరికితే తప్ప మొదటిది తేలదు, పరిశోధకులను ఎన్నో ఏళ్ళు ఇబ్బంది పెట్టింది కూడా అదే. గట్టు మీద ఎవరైనా పిలిస్తే ఆ ధ్వని ఒక చెవికి ముందుగా, రెండో చెవికి లిప్తపాటు ఆలస్యంగా చేరుతుంది కనుక అది ఎటునుంచి వచ్చిందో మనకు తెలిసిపోతుంది. గాలిలో సెకనుకు 340 మీటర్లు పోయే ధ్వని నీటిలో సుమారు 1,500 మీటర్లు పోతుంది కాబట్టి, అక్కడ ఆ కాస్త తేడా కూడా మన చెవులకు అందదు. పైగా డాల్ఫిన్ ఈల వేయడానికి నోరు తెరవదు; తల మీది శ్వాసరంధ్రానికి దిగువన, పెదవుల్లా ఉండే కణజాలం అదిరి ఆ శబ్దం పుడుతుంది. గుంపులో పలికింది ఎవరో చూసి చెప్పడం అసాధ్యమన్నమాట.

మెల్బా కాల్డ్‌వెల్, డేవిడ్ కాల్డ్‌వెల్ దంపతులు పట్టి ఉంచిన డాల్ఫిన్లను విడివిడిగా రికార్డు చేసి, ప్రతిదీ తనదైన ఒక ఈలనే మళ్ళీ మళ్ళీ వేస్తోందని 1965లో ప్రకటించారు. దానికి ‘సిగ్నేచర్ విజిల్’ అనే పేరు స్థిరపడింది. మనం సంతకపు ఈల అనుకోవచ్చు. ఫ్లోరిడాలోని సరసోటా అఖాతంలో 1970 నుంచి డాల్ఫిన్లను తరతరాలుగా గమనిస్తున్నారు. ఆరోగ్య పరీక్షల కోసం వాటిని కాసేపు పట్టి ఉంచినప్పుడు, నీటిలో పనిచేసే మైకును రబ్బరు కప్పుతో తలకే అంటిస్తారు. ఇక ఈల ఎవరిదన్న సందేహమే ఉండదు. లేలా సయీగ్ అనే శాస్త్రవేత్త తల్లుల, పిల్లల ఈలలను అక్కడే దశాబ్దాలుగా పరిశీలిస్తున్నారు.

అయితే ఒక ఆక్షేపణ మిగిలింది. తలుపు అవతల దగ్గినా మన ఇంటివాళ్ళను గొంతుతోనే గుర్తుపడతాం. డాల్ఫిన్లు గుర్తుపట్టేది కూడా గొంతునే ఎందుకు కాకూడదు? దీనిని తేల్చడానికి విన్సెంట్ జానిక్, సయీగ్, రాండల్ వెల్స్ చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టమైనది. గొంతు తీరు ఏమీ లేకుండా, ఈల బాణీ మాత్రమే మిగిలేటట్లు కంప్యూటరుతో ఈలలను తయారు చేసి నీటిలో వినిపించారు. అయినా డాల్ఫిన్లు తమ బంధువుల బాణీ వచ్చిన వైపే ఎక్కువగా తిరిగాయని 2006లో వెల్లడించారు. 2013లో స్టెఫనీ కింగ్, జానిక్ మరో మెట్టు ఎక్కారు: స్కాట్లాండ్ తూర్పు తీరంలో స్వేచ్ఛగా తిరిగే డాల్ఫిన్లకు తమ ఈల నకలునే వినిపిస్తే, అవి అదే ఈలతో బదులిచ్చాయి.

అందుచేత ‘పేరు’ అనడం తప్పు కాదు గానీ, మన పేర్లతో పూర్తిగా పోల్చకూడదు. ఇక్కడ నామకరణం చేసే పెద్దలు లేరు. పిల్ల తన చుట్టూ వినిపించే ధ్వనుల నుంచి తన బాణీని తానే తయారు చేసుకుంటుంది. మన జిల్లాల్లో ఏ జాతరలోనైనా ‘అప్పలరాజూ’ అని పిలిస్తే పదిమంది తల తిప్పుతారు. డాల్ఫిన్లకు ఆ బెడద తక్కువ. పైన చెప్పిన ప్రయోగాలన్నీ ‘బాటిల్‌నోస్’ అనే జాతి మీద జరిగినవి కనుక, మన తీరంలో కనిపించే ప్రతి డాల్ఫిన్‌కూ వాటిని వర్తింపజేయడం తొందరపాటు అవుతుంది.

మీ తాతగారి మాట నమ్మదగినదే. దారి వెతకడానికి డాల్ఫిన్లు చేసే టిక్కుల్లో ఎక్కువ భాగం మన చెవికి అందనంత హెచ్చు స్థాయిలో ఉంటాయి. ఈలలు మాత్రం చాలావరకు మనం వినగల పరిధిలోనివే, కర్ర గుండా ధ్వని బాగానే ప్రయాణిస్తుంది. ఈసారి ఆయనను ఒక్క సంగతి అడగండి: విన్న ఈలలు ఎప్పటికప్పుడు మారిపోయేవా, లేక ఒకే బాణీ కొద్ది సెకన్లకొకసారి మళ్ళీ మళ్ళీ వచ్చేదా? ఒకటి నుంచి పది సెకన్ల ఎడంతో తిరిగి తిరిగి వచ్చే ఈలలను బట్టే, పట్టుకోకుండా, నడిసముద్రంలో సంతకపు ఈలను పరిశోధకులు గుర్తిస్తున్నారు.